దోర్నకల్ బిషప్పు దేన్ని నమ్ముకున్నారు?

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ల తమిళుడు ఒకాయన బిషప్పుగా అభిషేకం పొందారు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్పు కావడం అదే మొదటిసారి. ఆయనకు అప్పగించింది నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఓ రైల్వే స్టేషను, చుట్టూ పేద పల్లెలు. భాష కూడా ఆయనది కాదు. తిరునల్వేలి జిల్లాలో పల్లెటూరి పాదిరిగారి ఇంట పుట్టిన మనిషి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు.

ఆ నియామకం తెల్ల మిషనరీల్లో చాలామందికి మింగుడు పడలేదు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన పక్షాన నిలిచారు. వెనక ఇంగ్లండు అధికారం ఉంది కాబట్టి కొత్త బిషప్పు దాన్నే ఊతంగా చేసుకుని పని సాగించి ఉండవచ్చు. అజరయ్య అలా చేయలేదు.

నాయకుడు దేవుని బలం మీద ఆధారపడాలన్న మాట ప్రతి సంఘంలోనూ వినిపిస్తుంది. ఆ ఆధారం ఎలా ఉంటుందో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో కనిపిస్తుంది. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. కృప చాలన్న జవాబు వచ్చింది. బలహీనతను ఒప్పుకున్నవాడు పక్కవాడి చేయూత కోరతాడు, పనిలో కొంత వాడికి అప్పజెప్తాడు. ఈ రోజుల్లో ఇదే మాట కొన్నిచోట్ల తలకిందులైంది. దేవుని బలం నాయకుడి ఒక్కడి సొత్తయినట్టు, అభిషేకం పొందినవాణ్ని లెక్క అడగకూడదన్నట్టు నడుస్తోంది. అజరయ్య జీవితాన్ని ఇప్పుడు మళ్లీ చదవాల్సింది అందుకే.

బిషప్పు కాకముందే, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా వచ్చిన ఆ సభలో ఆసియా వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. అక్కడ అజరయ్య లేచి, మిషనరీలు తమ ఆస్తుల్ని, ప్రాణాల్ని ధారపోసినందుకు కృతజ్ఞతలు చెబుతూనే, భారతీయులకు వాళ్ల స్నేహం కూడా కావాలని సూటిగా అడిగారు. కొందరు నొచ్చుకున్నారు. పాలకుల దేశంలో, పాలకుల ముఖం మీద ఆ మాట అనడానికి లోపల గట్టి ఆధారం ఉండాలి.

దోర్నకల్‌లో ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొర పొలాల్లో పాలేర్లు, కూలీలు. తరతరాలుగా ఊరి చివర బతికినవాళ్లు. బాప్తిస్మం పొందినవాళ్లు తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదన్న పౌలు మాటను తమ మాటగా పలకాలని ఆయన ఏర్పాటు చేశారు. ఒక్కసారి ఆ దృశ్యం తలుచుకోవాలి. నిన్నటిదాకా దొర ముందు తలెత్తని కూలీ, ఈ రోజు సువార్త బాధ్యత తన తల మీదుందని పదిమందిలో చెబుతున్నాడు. ఆధ్యాత్మిక బలమనే మాటకు ఇంతకంటే స్పష్టమైన రూపం దొరకడం కష్టం.

కానుకల విషయమూ అంతే. ఇంత పేదవాళ్ల దగ్గర ఏం అడుగుతామని ఆయన అనుకోలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు సంఘం కోసం ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పంట ఇంటికొస్తే ప్రథమ ఫలం గుడికి చేరేది. పరాయి దేశపు డబ్బు మీదే నిలిచిన సంఘం ఎప్పటికీ ఎదగదని ఆయన నమ్మకం. క్రైస్తవ దాతృత్వం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇవ్వగలిగినవాడికే గౌరవం ఉంటుందని, ఆ గౌరవం పేదవాడికీ దక్కాలని ఆయన పట్టుదల. అయితే కానుకల మీద అదుపు ఒక్క మనిషి చేతిలో ఉన్నచోట ఈ పాఠమే పేదల మీద భారమవుతుంది. ఆ ప్రమాదం ఇప్పటి సంఘాలు చూస్తూనే ఉన్నాయి.

వాడల్లో జరిగిన ఇలాంటి సామూహిక బాప్తిస్మాలను గాంధీ గట్టిగా తప్పుబట్టారు. 1936 డిసెంబర్‌లో ‘హరిజన్’ పత్రికలో, హరిజనులకు సువార్త అర్థమవుతుందా అన్న సందేహం వెలిబుచ్చారు. అజరయ్య బాట దీనికి పూర్తిగా భిన్నం. తన విశ్వాసాన్ని తాను తేల్చుకునే శక్తి వాడ మనిషికి ఉందన్న నమ్మకం మీదే ఆయన పనంతా నడిచింది. అలాగని అన్నీ గెలిచారని కాదు. మాల మాదిగల మధ్య అంతరం బాప్తిస్మంతో పోలేదు. గుడి లోపలికీ వచ్చింది. ఆయన దానితో కడదాకా పోరాడారు. ఆ పోరు తెలుగు సంఘాల్లో ఇంకా ముగియలేదు.

ఆయన బిషప్పయిన ఇరవై ఆరేళ్లకు, 1939 జనవరి 6న దోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, దేవాలయపు స్తంభాలు కలిసిన కట్టడం అది. ఇంగ్లండు చర్చికి నకలు కాదు.

అప్పటికి ఆయన ఇంకో పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నారు. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో, దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలన్న ఆలోచనకు ముందు నిలిచారు. వేర్వేరు శాఖల మధ్య పాలన పద్ధతుల మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఆయన విసిగి వదిలెయ్యలేదు, తన మాటే నెగ్గాలని తొందరపెట్టనూ లేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన మొదలుపెట్టిన పనిని వేరేవాళ్లు పూర్తిచేశారు.