బాకీ పడ్డ మనిషి మాట చెల్లదా?

ఆ మధ్య కడపలో ఓ శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "హజ్రత్, ఒక మసలా అడగాలి. పక్కన ఎవరూ ఉండకూడదు" అన్నారు.

ఆయనది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు ఆయన బట్టల దుకాణం సరుకుతో సహా నీళ్లపాలైంది. దుకాణం మీద బ్యాంకు అప్పుంది. కొన్నాళ్లు కిస్తులు కట్టారు, తర్వాత మానేశారు. ఇల్లు మారారు, ఊరు మారారు. ఇప్పుడు కడపలో గుమాస్తాగా పనిచేస్తున్నారు. యజమాని జీతం ఖాతాలోనే వేస్తానంటున్నారు. "నా పేరున ఖాతా అడిగితే పాత బాకీ బయటపడుతుంది, వెళ్లగొడతారు. తమ్ముడి ఖాతాలో వేయించుకుంటే గునాహ్ అవుతుందా?" ఇదీ ఆయన ప్రశ్న.

ఆయన భయంలో సగం తెలియనితనమే. అప్పు ఎలా తీర్చారో చెప్పే సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. కొత్త అప్పు అడిగినప్పుడు బ్యాంకులు దాన్ని చూస్తాయి. మామూలు పొదుపు ఖాతా తెరవడం అప్పు అడగడం కాదు. కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతాను అందరికీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలూ అటువంటివే. అయితే పాత బాకీ ఉన్న బ్యాంకులోనే ఖాతా తెరిస్తే, అందులో పడిన సొమ్మును బాకీ కింద జమకట్టుకునే హక్కు ఆ బ్యాంకుకు ఉంటుంది. మరో బ్యాంకులో తన సొంత పేరున, నిజం చెప్పి తెరుచుకోవచ్చు. అందులో మోసమేమీ లేదు.

మేము ఇంతవరకు చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. కాని తమ్ముడి పేరు ఎందుకు తట్టిందో అది ఇంకా తేలలేదు. కాస్త ఆగి ఆయనే అన్నారు: "వడ్డీ హరామ్ కదా హజ్రత్. ఆ బ్యాంకుకు కట్టకపోతే మాత్రం తప్పేమిటి? పైగా ఏళ్లు గడిచాయి, ఇక కోర్టుకు వెళ్లలేరని ఎవరో చెప్పారు."

ఈ మాట మేము చాలామంది నోట విన్నాము. వడ్డీ అప్పు తీసుకోవడం గునాహే, దానికి తౌబా చేయాలి. కాని అసలు సొమ్ము ఇతరుల హక్కు. అల్ బఖరా సూరా 279వ ఆయత్‌లో వడ్డీని వదులుకోమని ఆజ్ఞాపిస్తూనే, రుణదాతకు తన అసలు పొందే హక్కుందని అల్లాహ్ తెలియజేశాడు. ఎవరికీ అన్యాయం చేయకూడదు, ఎవరూ అన్యాయానికి గురికాకూడదు. ఇక కాలదోషం సంగతి. 1963 నాటి చట్టం ప్రకారం బాకీ వసూలుకు దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. అది కోర్టు తలుపు మూస్తుందేమో గాని, అల్లాహ్ దగ్గర బాకీని చెరిపేయదు. బాకీతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తనదని పూచీ పడ్డ తర్వాతే చేయించారు.

అలాగని ఈ సోదరుణ్ణి ఎగవేతదారుడని ముద్ర వేయడానికి మాకు మనసొప్పదు. ఆ తర్వాతి ఆయత్‌లోనే, బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని ఉంది. ఉండి కూడా వాయిదాలు వేసేవాడే జాలిమ్ అని హదీసు చెబుతోంది. లేనివాణ్ణి అలా అనలేదు. పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన ఒకరికి సదకా ఇవ్వమని దైవప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. అది కూడా చాలకపోతే, ఉన్నంత తీసుకొమ్మనీ, అంతకు మించి లేదనీ రుణదాతలకు తేల్చి చెప్పారు.

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) సంగతి మరీ ఆలోచించదగ్గది. ఆయన చేతికి ఎముక లేని మనిషి, అప్పుల్లో మునిగిపోయారు. దైవప్రవక్త (స) ఆయన ఆస్తినంతా అమ్మించి రుణదాతలకు పంచారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఈ ఉల్లేఖన పరంపరపై ముహద్దిసీన్‌ల మధ్య చర్చ ఉన్నా, ఫుఖహా దివాలా మసలాలో దీన్ని ప్రస్తావిస్తూ వచ్చారు. ఆ ముఆజ్ (రజి)నే యమన్‌కు పంపారు. ప్రజలకు దీన్ నేర్పడానికే కాదు, సంపన్నుల నుంచి జకాత్ తీసుకుని పేదలకు పంచే పని కూడా అప్పగించి! నేటి లెక్కన చూస్తే ఆయనకు స్కోరే ఉండేది కాదు. కాని ఆయన ఆస్తి దాచలేదన్నది మరువరాదు.

తమ్ముడి ఖాతా దగ్గర మా అభ్యంతరం ఇక్కడే. అందులో దాపరికం ఉంది. కాగితం మీద ఆ సొమ్ము తమ్ముడిది. రేపు తమ్ముడు మరణిస్తే అది వారసత్వంలో కలుస్తుంది. మరదలికీ పిల్లలకూ అన్న సొమ్మెంతో తెలియదు. ఎన్నో కుటుంబాల్లో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయింది ఇటువంటి చోటనే.

మరో మాట కూడా చెప్పాము. తన రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. తప్పులుంటే సరిదిద్దమని కోరవచ్చు. తగ్గించుకుని కట్టి ముగిస్తే "సెటిల్డ్" అని నమోదవుతుంది, పూర్తిగా కట్టినంత మంచి పేరు రాదు. రుణదాత మనస్ఫూర్తిగా వదిలేసిన భాగం షరీఅత్‌లో బాకీయే కాదు. అయినా ఆ మరక కొన్నేళ్లు నిలిచే ఉంటుంది. ఇది న్యాయమా అని ఆయన అడిగారు. అప్పిచ్చేవాడు జాగ్రత్తపడటం తప్పు కాదు. కాని వరదలో మునిగినవాణ్ణీ, కావాలని ముంచినవాణ్ణీ ఒకే గాటన కట్టే లెక్క న్యాయమైనదని మేము అనలేము. మన మస్జిదు కమిటీల్లో, బజారుల్లో కూడా ఈ లెక్కే నడుస్తోంది మరి.

తర్వాతి వారం ఆయన తన పేరునే ఖాతా తెరిచారు. పాత బ్యాంకుకు తన చిరునామా, జీతం, నెలకు ఎంత కట్టగలరో రాసి, వడ్డీ వదిలేయమని కోరుతూ ఉత్తరం పంపారు. ఉత్తరం మా చేతనే రాయించుకున్నారు. ఇంకా జవాబు రాలేదు.