పురుడు ఎవరింట్లో?

మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల ఇళ్లలో బిడ్డ పుడితే సాధారణంగా పది రోజులు పురుడు పాటిస్తారు. మరి సరోగసీలో పుట్టిన బిడ్డ పురుడు ఎవరికి? గోత్రం ఇచ్చిన ఇంటికా, నొప్పులు పడ్డ ఇంటికా? చాదస్తంలా అనిపించినా, తల్లి ఎవరో తేల్చమని ఇంత సూటిగా అడిగే ప్రశ్న ఇంకొకటి లేదు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా సాగే రైలు మార్గానికి ఒక కొస నంద్యాల, ఇంకో కొస గుంటూరు. ఆ గుంటూరులోనే 2019 సెప్టెంబరు 5న డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ కవల ఆడపిల్లలను కన్నది. అండం ఆమెది కాదు, దాత ఇచ్చింది. అయినా ఆమె తల్లి కాదని ఎవరూ అనలేదు. రభసంతా వయసు మీదే. సరోగసీలో వ్యవహారం తలకిందులు. తొమ్మిది నెలలు మోసి కన్న మనిషి తల్లి కాదు. ఒకచోట మోయడమే తల్లిని చేసింది, మరోచోట మోయడం లెక్కలోకే రాలేదు. రెండూ సబబే అనుకుంటే, చట్టం దృష్టిలో తల్లిని చేసేది అండమూ కాదు, గర్భమూ కాదు. బిడ్డ కావాలన్న సంకల్పం. అది చిన్న మాటేమీ కాదు. సంకల్పం చెప్పుకోనిదే మన దగ్గర పూజ కూడా మొదలవదు.

పురాణం మాత్రం ఈ లెక్కకు ఒప్పుకోదు. దేవకి ఏడో గర్భాన్ని యోగమాయ రోహిణి కడుపులోకి మార్చింది. దేవకికి గర్భం పోయిందని మధురలో జనం బాధపడ్డారు. అటు నందుడి ఇంట రోహిణి బలరాముణ్ణి కన్నది. సరోగసీ మనవాళ్లకు అప్పుడే తెలుసని చెప్పుకునేవారు ఈ కథనే చూపిస్తారు. కథను చివరిదాకా చదివితే ఆ వాదన నిలవదు. రోహిణి కని అప్పగించి వెళ్లిపోలేదు. బలరాముడు రోహిణి కొడుకుగానే లోకానికి తెలుసు.

ప్రకాశం జిల్లా క్రైస్తవానికి చాలావరకు బాప్టిస్టు మిషన్ పునాది.  ఇక్కడి క్రైస్తవులు చదివే బైబిల్లో శారా తన దాసి హాగరు ద్వారా బిడ్డను కోరుకుంది. చివరికి హాగరు, కన్నబిడ్డతో ఎడారిపాలైంది. కాథలిక్కుల మాట ఇంకా కటువు: 2024 జనవరి 8న పోప్ ఫ్రాన్సిస్ సరోగసీని ప్రపంచమంతా నిషేధించాలన్నారు. ఖురాన్ 58వ సూరాలో తల్లులంటే కన్నవారేనన్న భావం ఉంది. సున్నీ పండితుల్లో ఎక్కువమంది సరోగసీని ఒప్పుకోరు. ఇరాన్‌లో షియా పండితులు పలువురు ఒప్పుకున్నారు. మొత్తానికి మోసిన మనిషిని మతాలు మరిచిపోలేదు, ఆమెకు న్యాయం జరగని చోట కూడా.

మన చట్టం సంగతేమిటి? 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ప్రకారం మోసే స్త్రీకి 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి, పెళ్లయి సొంత బిడ్డ ఉండాలి, అలా మోయడం కూడా జీవితంలో ఒక్కసారే. ఆసుపత్రిలో గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, ఎంబ్రియాలజిస్టు, కౌన్సెలర్ ఉండాలి. పిండం గర్భంలో పెట్టేలోపు ఆమె మనసు మార్చుకోవచ్చు. వైద్యం ఖర్చులు, 36 నెలల బీమా దంపతులు భరించాలి. అంతకుమించి ప్రతిఫలం ఇస్తే నేరం. డాక్టరుకు ఫీజు, వకీలుకు ఫీజు, బీమా కంపెనీకి ప్రీమియం. పరోపకారం చేయాల్సింది మాత్రం మోసే ఆమె ఒక్కతే! డబ్బు కోసం పేదింటి ఆడవాళ్లను వాడుకుంటారన్న భయంతో తెచ్చిన నిబంధన అది. ఆ భయం ఉత్తిది కాదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, సరోగసీ బిడ్డ అని దంపతులకు అప్పగించిన పసివాడి డీఎన్ఏ వాళ్లతో కలవలేదు. వేరొకరి బిడ్డను కొని ఇచ్చారన్నది పోలీసుల అభియోగం.

సంకల్పం, చట్టం, శాస్త్రం అన్నీ అయ్యాక వార్డులో ఒక మనిషి మిగులుతుంది. కేస్ షీటు మీద పేరు ఆమెది, కుట్లు ఆమెవి, జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఇంకొకరిది. మూడో నాటికి పాలు పడతాయి, తాగే బిడ్డ పక్కన ఉండదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తుంది, బాలింతనూ అప్పుడే చూస్తుంది. బిడ్డ హైదరాబాద్ వెళ్లి, కన్న ఆమె కంభం దగ్గరి పల్లెకు తిరిగొస్తే ఆ ఆరు సందర్శనలు ఎవరింటికి? డిశ్చార్జి రోజునే ఊరి ఆశాకు కబురు పంపవచ్చు. కానీ ఊళ్లో తెలియకూడదనుకునే ఆడవాళ్లకు ఆ కబురే ముప్పు. కాబట్టి ఆ నలభై రెండు రోజులూ ఫోన్ చేసి జ్వరముందా, పాలు గడ్డకట్టాయా, నిద్ర పడుతోందా అని అడగాల్సింది ఆసుపత్రి కౌన్సెలరే, అదీ ఆమె ఒప్పుకున్న వేళకు, ఆమె ఇచ్చిన నంబరుకు.