పిల్లగాని ప్రణాళికల నీ మాటా ఉండాలె

బిడ్డా, పిల్లగాణ్ని బడిల చేర్పించినవు, నాకు శానా సంతోషమైంది. వాని చదువుకు విడిగా ఒక ప్రణాళిక రాస్తం, రమ్మని, వైకల్యమున్న పిల్లలకు చదువు నేర్పే భవిత కేంద్రం నుంచి కబురొచ్చిందని చెప్పినవు. "మేడం వాళ్లు రాసుకుంటరు, నేను పోయి ఏం జేస్త పెద్దమ్మా" అన్నవు చూడు, ఆ మాట నా మనసులకెళ్లి పోతలేదు.

నువ్వు పోవాలె. వాడు ఆకలైతే ఎట్ల చెప్తడో, కుక్కర్ కూత వినంగనే చెవులెందుకు మూసుకుంటడో, ఏ పాట పెడితే నెమ్మదిస్తడో నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ టీచరమ్మ మంచిదే కావచ్చు. కానీ మండలంల ఇసుంటి పిల్లలందరూ ఆమె లెక్కలనే ఉంటరు. నువ్వు చెప్పకపోతే ఆ కాగితం ఏ పిల్లగానికైనా సరిపోయేటట్టే తయారైతది.

పోయే ముందు ఒక నోటుబుక్కుల రాసుకో. సొంతంగ చేసే పనులు, చెయ్యి పట్టుకుంటే చేసేవి, ఇంకా రానివి. వచ్చినవే ముందు చెప్పు. మనం బడికి పోంగనే పిల్లలకు రానియ్యే ఏకరువు పెడతం, వినేటోళ్లు గూడ అక్కడికే ఆగిపోతరు.

అసలు కష్టం లక్ష్యం రాసే కాడ వస్తది. "చదువుల మెరుగుపడాలె" అని రాస్తే ఒప్పుకోకు. మెరుగుపడ్డడని ఎట్ల తెలుస్తది? "దసరా సెలవులలోపు ఐదు బొమ్మలు ముందట పెడితే కావాల్సినదాన్ని వేలు పెట్టి చూపాలె" అని రాయించు. బాత్రూంకు పోవాలని సైగ చేసుడు, అన్నం తానే కలుపుకొని తినుడు, పిలిస్తే తిరిగి చూసుడు, ఇవన్నీ చదువే బిడ్డా, వీటిని గూడ రాయించు. ఎవరు నేర్పిస్తరు, వారంల ఎన్నిసార్లు, వచ్చిందో లేదో ఎట్ల చూస్తరు, అదంతా అండ్ల ఉండాలె. సంక్రాంతికి మళ్ల కూసొని చూసుకుందమని తేదీ అడుగు. ఒక కాపీ ఇంటికి తెచ్చుకో.

అడిగితే ఏమనుకుంటరో అని జంకకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఉన్నది. పిల్లలను వివక్ష లేకుండ చేర్చుకోవాలె, ఒక్కొక్కరికి తగ్గ సాయం అందియ్యాలె, ప్రతి ఒక్కరి ప్రగతిని గమనించాలె అంటది. వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ల శాతం తక్కువ పడ్డదని దిగులు పడుతున్నవు గదా. 40 శాతం అనే గీత పింఛనుకు, మరికొన్ని హక్కులకు ఉన్నది. ఈ 16వ సెక్షన్‌కు ఆ గీత లేదు. అమెరికాల 1975 చట్టం నుంచే ఇసుంటి ప్రణాళిక రాసే కాడ తల్లిదండ్రులు కూసోవాలని రాసిపెట్టిండ్రు. మన చట్టం అంత విప్పి చెప్పలేదు. అందుకే మనమే పోయి కూసోవాలె.

పొద్దంతా భవిత కేంద్రంలనే ఉంచుతమంటే, కొంతసేపన్న తన ఈడు పిల్లలతోటి తరగతిల కూసోబెట్టుమను. బొమ్మలు గీసే పీరియడైనా సరే, ఆటల పీరియడైనా సరే. పక్క పిల్లలను చూసి నేర్చుకునేది మనం నేర్పలేం. ఫిజియోథెరపీ చేసేటాయన ఏ రోజు వస్తడో తెలుసుకో. రాకపోకలకు, వెంట వచ్చేటోళ్లకు భత్యం ఉంటది, దరఖాస్తు పెట్టు.

పత్తి పనుల రోజులు, పూట కూలి పోతదని అల్లుడు వెనుకాడుతడు, నాకు తెలుసు. అయినా ఇద్దరూ పొండి. నువ్వొక్కదానివే పోతే చెప్పాలనుకున్న సగం మాటలు గొంతులనే ఉండిపోతయి. "వీనికి ఇగ రాదు" అని ఎవరన్నా అంటే కొట్లాడకు. "ఏ పద్ధతిల నేర్పి చూసిండ్రు, ఎన్ని రోజులు చూసిండ్రు?" అని నెమ్మదిగ అడుగు, జవాబు వచ్చేదాక ఆగు.

కేంద్రం వాళ్లిచ్చే కాగితాలన్నీ ఏడాదికేడాది ఒక ఫైలుల దాచు. వాడు పదో తరగతికి వచ్చినంక పరీక్ష రాసిపెట్టేటోళ్లు, ఎక్కువ టైము కావాల్సి వస్తే అదే చట్టం 17వ సెక్షన్ల ఆ వీలున్నది. అప్పుడు ఈ పాత కాగితాలే అక్కరకొస్తయి. ఏ రోజు రమ్మన్నరో చెప్పు, నేనూ వస్త.