కౌశికుడు వదిలేసిన ఇల్లు

ప్రసూతి సెలవు అయిపోయి నేను మళ్లీ బడికి బయల్దేరుతుంటే మా అత్తగారు గీతను అడ్డం పెట్టారు. "స్వధర్మం వదిలి పరధర్మం పట్టుకోకూడదమ్మా" అని. కోపంతో అన్నమాట కాదు, ఆవిడ నమ్మకమే అది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. అత్తగారన్న ఆ మాట కృష్ణుడు చెప్పింది యుద్ధం మానేసి భిక్షమెత్తుకుంటానన్న అర్జునుడికి. పాలిచ్చే తల్లికి అది ఎంతవరకు వర్తిస్తుందో గానీ, ప్రశ్నను మాత్రం తోసెయ్యలేకపోయాను. మూడో పీరియడ్‌కల్లా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసేది. ఒళ్లు కూడా అత్తగారి పక్షమే!

జవాబు కోసం నేను వెళ్లింది భారతంలోని అరణ్యపర్వానికి, ఎఱ్ఱన తెలుగు చేసిన ధర్మవ్యాధుడి కథకి. కౌశికుడనే బ్రాహ్మణుడు కోపంగా చూస్తే కొంగ చచ్చిపడుతుంది. ఆ తర్వాత భిక్షకు వెళ్తే, ఒక ఇల్లాలు మొగుడికి వడ్డిస్తూ ఆలస్యం చేస్తుంది. ఇతను కళ్లెర్రజేస్తాడు. నేను కొంగను కానంటుందావిడ. ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్మే వ్యాధుడి దగ్గరికి పొమ్మంటుంది.

మన పెద్దలు పాతివ్రత్య మహిమ అని చెప్పి ఇక్కడే కథ ముగిస్తారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఇంట్లో ఉన్న ఆవిడకూ అంగట్లో ఉన్న అతనికీ దొరికింది ఒకే జ్ఞానం. పైగా ఆ వ్యాధుడు అతిథిని ఇంటికి తీసుకెళ్లి, ముసలి తల్లిదండ్రులను చూపించి, వీళ్లే నా దేవుళ్లంటాడు. భార్యాబిడ్డలతో కలిసి వాళ్లకు సేవ చేస్తానంటాడు. సంపాదించేదీ అతనే, సాకేదీ అతనే. ఇంటిల్లిపాదీ ఓ చెయ్యి వేస్తారు.

మరి చివాట్లు తిన్నది ఎవరు? అమ్మానాన్నలను అడక్కుండా వేదం చదువుకోవడానికి వెళ్లిపోయిన కౌశికుడు. అతని మీద బెంగతో ఆ ముసలివాళ్లకు కళ్లు పోయాయి. వెళ్లి వాళ్లను చూసుకో అన్నాడు వ్యాధుడు. వేదాధ్యయనమంతటి పని కూడా అక్కడ సాకుగా చెల్లలేదు. ఇంట్లో ఎవరుండాలన్న ప్రశ్న ఆ కథలో మగవాడి మీద పడింది. మా ఇంట్లో పురుడైన వారానికే మావారు ఆఫీసుకు వెళ్తే ఏ శ్లోకమూ అడ్డు రాలేదు.

ఇంతా తేల్చుకున్నాక నాకు చిక్కు వచ్చింది మా బాబును చూసే అమ్మాయితో. నాకు జీతంతో 180 రోజుల సెలవుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించి, సంస్థల్లో పనిచేసే ఆడవాళ్లకు 26 వారాల సెలవు చేశారు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని ఉంచే ఏర్పాటు ఉండాలన్నారు. మా ఇల్లు సంస్థ కాదు కాబట్టి ఆమెకు ఇవేవీ లేవు. ఆమె పెద్దపిల్ల అంగన్‌వాడీకి వెళ్తుంది. చిన్నదానికి మూడేళ్లు నిండలేదు, చూపు ఆనని నాయనమ్మ దగ్గర ఉండేది. "మీ బాబు నన్ను వదలట్లేదు టీచరమ్మా" అని ఆమె మురిసిపోతుంటే నాకు ఏమనాలో తోచేది కాదు. ఏది స్వధర్మమని నేను కూర్చుని ఆలోచించే తీరిక కూడా ఆమె చలవే. ఉద్యోగమా ఇల్లా అని ఆమెను ఎవరూ అడగలేదు, అత్తగారు కూడా.

చిన్నదాన్ని వెంట తెచ్చుకోమన్నాను. తెస్తోంది. అత్తగారు మొదట్లో మొహం ముడుచుకున్నా, ఇప్పుడు ఇద్దరికీ ఆవిడే పప్పన్నం కలిపి పెడుతున్నారు. జీతం పెంచుదామంటే మాత్రం మావారు "పిల్లకి తిండి కూడా ఇక్కడే కదా" అంటున్నారు. ఆ మాట మీద మా ఇంట్లో పంచాయితీ ఇంకా తెగలేదు.