పటం క్రింద వ్రాసిన పేరు

2007వ సంవత్సరంలో సదబీస్ వేలం సంస్థ ఒక పాత తైలవర్ణ చిత్రాన్ని అమ్మకానికి పెట్టింది. చిత్రించినవాడు థామస్ హికీ. డబ్లిన్‌లో పుట్టి 1824లో మద్రాసులో కన్నుమూసిన ఐరిష్ చిత్రకారుడు. 1805 ప్రాంతంలో వేసిన ఆ చిత్రంలో ముగ్గురు దక్షిణాది స్త్రీలు ఒంటినిండా నగలతో కనిపిస్తారు. వీరెవరో నాట్యకత్తెలు, భోగంవాళ్లు అయి ఉంటారని మొదట అనుకున్నారు. నైజెల్ చాన్సెలర్ అనే చరిత్రకారుడు ఆ మాట ఒప్పుకోలేదు. ఆయన వాదన ప్రకారం వీరు మైసూరు రాజకుటుంబపు స్త్రీలు. కుడివైపున ఉన్నది మూడవ కృష్ణరాజ ఒడయరు రాణి దేవజమ్మణ్ణి. ఎడమవైపున అదే పేరుగల పెద్దరాణి. మధ్యన రాజుగారికి నాయనమ్మ వరుస అయిన లక్ష్మమ్మణ్ణి.

ఆయన చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది చిన్నరాణి చేయి. ఆమె చీర కాస్త ప్రక్కకు తొలగించి, మశూచి టీకా వేయించుకున్న చోటు చూపుతున్నదట. పెద్దరాణికి నోటి చుట్టూ, ముక్కు క్రింద చర్మం పాలిపోయి ఉంటుంది. మశూచి విషాన్నే కొద్దిగా ఒంట్లోకి పంపే పాత పద్ధతి మిగిల్చిన గుర్తు అది అంటారాయన. జెన్నరు తన టీకాను లోకానికి వెల్లడించింది 1798లో. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు. ఆవు రోగం నుంచి తీసిన రసి, అందులోనూ పరాయివాళ్ల ఒంటి మీదుగా వచ్చినది, తమ బిడ్డకు ఎక్కించడానికి ఎవరు ఒప్పుకుంటారు? అటువంటి రోజుల్లో రాణివాసపు స్త్రీలు ముందుకు వచ్చి చేయి చాచారంటే జనానికి ధైర్యం కలుగుతుంది గదా. 1799లో తమకు సింహాసనం తిరిగి ఇప్పించిన కుంపిణీవారి మాట మన్నించడం కూడా అందులో ఉన్నది.

ఈ సంగతి చదివినవారికి ఎవరికైనా సంతోషం కలుగుతుంది. మాకూ కలిగింది. అయితే ఆ సంతోషం దేనికి అన్నది కొంచెం నిదానించి చూడవలసిన విషయం. చిత్రం మారలేదు. ఆ ముఖాలు మారలేదు. నిన్న భోగంవాళ్లు అన్నప్పుడు లేని మర్యాద ఇవాళ రాణులు అనగానే ఎక్కడినుంచి వచ్చింది? ఆ మర్యాద ఆ మనుషులకా, పటం క్రింద వ్రాసిన పేరుకా?

నిజంగానే వారు నాట్యకత్తెలై ఉంటే ఏమయ్యేది? జవాబు కోసం దూరం వెళ్లనక్కరలేదు. తంజావూరు కొలువులో ముద్దుపళని అనే వేశ్య పద్దెనిమిదవ శతాబ్దంలో తెలుగులో 'రాధికాసాంత్వనము' వ్రాసింది. వీరేశలింగంగారంతటివారు ఆ కావ్యాన్నే కాక, వ్రాసినామె పుట్టుకనూ వృత్తినీ కూడా ఈసడించారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ గ్రంథాన్ని పూర్తిగా అచ్చువేయించారు. ఆమె కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టినామే. మరుసటి యేడాదే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించినది కూడా ఈ నాగరత్నమ్మగారే. ప్రతి ఏటా మనం బిడ్డల్ని కూర్చోబెట్టి పంచరత్నాలు పాడిస్తాం. ఆ ఆరాధనకు ఒక చోటు నిలబెట్టిన చేయి, మనం ఏ మాటకు ముఖం చిట్లిస్తామో ఆ మాట మోసిన స్త్రీది.

అయితే పేరుతో పనిలేదా? ఉన్నది. నిజమైన పేరు తెలుసుకోవడం చనిపోయినవారికి మనం తీర్చవలసిన బాకీ. రాణులని తెలియకపోతే ఆ చాచిన చేతికి అర్థమే తెలిసేది కాదు. కాని తిరిగి దక్కవలసినది వారి అంతస్తు కాదు, వారు చేసిన పని. ఆ పనిలో వారికి తోడుగా నిలిచినవారు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో టీకా సీసాల్లో రాలేదు. ఒక బిడ్డ చేతి పొక్కునుంచి మరో బిడ్డ చేతికి, అక్కడినుంచి ఇంకొకరికి, ఇలా ఊరినుంచి ఊరికి నడిచింది. ఎవరి బిడ్డలో తెలియదు. వారి చిత్రం ఎవరూ వేయలేదు, ఏ వేలంపాటకూ వారి ముఖం రాదు. మైసూరు చేరిన టీకా వారి చేతుల మీదుగా చేరినదే.

ఈ ప్రశ్న బ్రిటనులో ఉన్న మనకు మరీ దగ్గరిది. మన ముఖం చూసి ఎవరైనా తక్కువ పని చేసేవారనుకుంటే, "కాదండీ, మేము డాక్టర్లం, ఇంజనీర్లం" అని దిద్దుతాం. దిద్దడంలో తప్పు లేదు. కాని ఆ మాటలో "వాళ్లయితే అలా చూడవచ్చు, మమ్మల్ని చూడకండి" అన్న ధ్వని ఉంటే మాత్రం తప్పే. 1860 నవంబరు 16న మద్రాసునుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అందులో చెరకుతోటల కూలికి వచ్చినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వారికి డిగ్రీలు లేవు, దిద్దుకోవడానికి మరో పేరూ లేదు. పరాయి నేలమీద తెలుగు నిలిపినవారిలో మనకంటె ముందున్నది వారు.

కనుక బిడ్డలకు ఏ పటమైనా చూపించేటప్పుడు, ఇందులో ఉన్నది ఎవరని చెప్పేముందు, వీరు ఏం చేస్తున్నారో చూడమని అడుగుదాం. చేయి చూపిస్తున్నదని వాళ్లే చెబుతారు. ఎందుకు చూపిస్తున్నదో మనం చెబుదాం. రాణి అన్న మాట చివరన చెప్పినా నష్టం లేదు.