చూచువాని ధర్మము

ఇతరులు తమ దైవమును కొలుచుచుండగా, ఆ దైవమునందు విశ్వాసము లేనివాడు ప్రక్కన నిలిచి చూచుట తగునా? తగునేని, ఎట్లు చూడవలెను? మొన్నమొన్నటివఱకు మాకిది యొక ప్రశ్నగానే తోచలేదు. కన్నులున్నవి గనుక చూచుచున్నాము; చూచుటవలన ఎవరి సొమ్మును హరించుట లేదు గదా యని యుంటిమి. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింట వేసవి సెలవులు గడపబోయినప్పుడు, ఒక ఆదివారమునాడు జరిగిన స్వల్పవిషయ మొకటి యీ నిశ్చింతను చెఱచినది. ఆనాడు మేము చూచినవి రెండు: కొండకొనను కట్టిన దేవాలయ మొకటి, భూగర్భమున ఉప్పుగనిలో తొలిచిన దేవాలయ మొకటి.

ఆ దేశపు రాజధానియగు బొగోటాలో, ఉదయమున కొండను, మధ్యాహ్నమున గనిని చూపి, ప్రొద్దుగ్రుంకునప్పటికి బసకు చేర్చు ఏర్పాట్లు కలవు. రుసుము చెల్లించినవారికి బండి వచ్చును, మార్గదర్శి వచ్చును, టిక్కెట్లు అతడే కొనును, ఎచట నిలువవలెనో, ఎంతసేపు నిలువవలెనో, దేనిని చూచి ఆశ్చర్యపడవలెనో కూడ అతడే చెప్పును. బండి యెక్కుట, దిగుట తప్ప చూచువానికి మిగులు శ్రమ యేమియు లేదు. మా బండిలో నానాదేశములవారము తొమ్మండుగుర ముంటిమి.

ఇట్టి తిరుగుడునకు ఇంగ్లీషువారు టూరని పేరు పెట్టిరి. ఆ మాటకు మూలము లాటినుభాషయందలి టోర్నస్ శబ్దము. అది తరిమెనకు, అనగా కొయ్యను త్రిప్పి చెక్కు యంత్రమునకు పేరు. తరిమెన ఎంత తిరిగినను ఉన్నచోటనే యుండును. మనవారు పుణ్యస్థలమునకు తీర్థమని పేరిడిరి. అది దాటుట యను అర్థముగల తౄ ధాతువునుండి వచ్చినది. దాటినవాడు ఆవలియొడ్డున నుండును. తిరిగినవాడు బయలుదేరిన చోటికే వచ్చును. శబ్దవ్యుత్పత్తులతో ధర్మనిర్ణయము చేయబూనుట పంతుళ్లకు గల జాడ్యమని యెఱుగుదుము. అయినను ఆ దినమంతయు ఈ రెండు మాటలును మా చెవిలో పోరాడుచునే యుండెను.

ఆ కొండ పేరు మోన్సెరాతే. బొగోటా నగరమే సముద్రమట్టమునకు 2,600 మీటర్లకు పైగా నున్నది. కొండశిఖరము 3,152 మీటర్లు. పైకి పోవుటకు మూడు దారులు కలవు. మొదటిది రాతిమెట్ల కాలిబాట. రెండవది 1929 లో ఏర్పడిన, త్రాటితో పైకి లాగబడు రైలుపెట్టె. మూడవది 1955 లో ఏర్పడిన, తీగపై వ్రేలాడుచు పోవు పెట్టె. మా రుసుములో రైలుపెట్టె చేరియుండెను. కొన్ని నిమిషములలో పైనుంటిమి. ఆ యెత్తున గాలి పలుచనగుటచే ఊపిరి మాత్రము క్రిందనే నిలిచిపోయినట్లు తోచెను.

స్పెయిను దేశమున కటలోనియాయందలి మోన్సెరాట్ కొండపై వెలసిన నల్లని మేరీమాత పేరిట, పదునేడవ శతాబ్దమున ఇచట గుడి కట్టిరి. పిమ్మట పేద్రో దె లూగో అల్బర్రాసిన్ అను శిల్పి, బాధలకు తాళలేక నేలకొఱగిన క్రీస్తును చెక్కెను. జనులు నానాటికి ఆ నేలకూలిన స్వామినే ఆశ్రయింపసాగిరి. కొండపేరు మాతదిగానే నిలిచినది. మొక్కులు మాత్రము కుమారునికి పోయినవి. శాసనములలో నొక దేవుడును, జనుల నోట నొక దేవుడును ఉండుట మన క్షేత్రములలోను కలదు. ప్రజల మక్కువ ఎటు మరలునో ఏ ధర్మకర్తయు నిర్ణయింపజాలడు. ఇంత యెత్తున, పడిపోయినవానిని నిలుపుకొని కొలుచుట మాకు మిక్కిలి నచ్చినది. ఈ సంగతులన్నియు మార్గదర్శి చక్కగా చెప్పెను. మేము తలలూపుచు వింటిమి.

కాలిబాట వచ్చి గుడిముంగిటిని కలియుచోట, అరువదియేండ్ల స్త్రీ యొకతె మోకాళ్లపై మెట్లెక్కుచుండెను. పది పండ్రెండేండ్ల బాలు డొకడు రెండు అట్టముక్కలు చేతబట్టుకొని, ఆమె కదలినకొలది వెనుకదానిని తీసి ముందు పఱచుచుండెను. ఆ బాటలో పదునాఱువందల మెట్లకు పైగా నున్నవి. అందెన్నిటిని ఆమె అట్లెక్కినదో మే మెఱుగము. అంతవఱకు ఎత్తులను, ఏండ్లను ఏకరువు పెట్టుచుండిన మార్గదర్శి ఊరకుండి, టోపీ తీసి చేతబట్టుకొని, ప్రక్కకు తొలగెను. మేము తొలగలేదు. చేతిఫోను తీసి ఆమె పటమును తీసితిమి. అప్పటి మా యుద్దేశమును దాచము: బడిలో మూఢవిశ్వాసములను గూర్చి పాఠము చెప్పునపుడు, ఇవి మన దేశమునకే పరిమితములు కావని పిల్లలకు చూపవచ్చునని తలచితిమి. ఆమె తల యెత్తలేదు. బాలుడు చూచెను. చేతిలోని అట్టను మెట్టుపై నుంచి, లేచివచ్చి, మాకును ఆమెకును నడుమ నిలిచెను. ఒక్క మాటయు అనలేదు. మేము ఫోను దించినపిదప మరల పోయి తన పని చూచుకొనెను.

అలిపిరినుండి తిరుమలకు నడచిపోవు బాటలో మోకాళ్ల పర్వతమను నిటారైన మెట్లవరుస కలదు. మాకు ఏడేండ్ల ప్రాయమున విషజ్వరము వచ్చి తగ్గినపిదప, మా తల్లి ఆ మెట్లను మోకాళ్లపై నెక్కి మొక్కు చెల్లించినది. ఇరువదియేండ్ల ప్రాయమున, రెండు భాషలలో తర్కము నేర్చితిమన్న గర్వముతో, జ్వరము తగ్గినది వైద్యుని మందువలన గాని మోకాళ్లవలన కాదని ఆమెతో వాదించితిమి. ఆమె బియ్యము ఏఱుకొనుచు విన్నది, బదులు చెప్పలేదు. గెలిచితిమని తలచితిమి. ఆ వాదమునందలి సత్యమును నేటికిని విడువము. జ్వరము మందువలననే తగ్గినది. కాని ఆమె ఎక్కుచుండగా, భాష తెలియని పరదేశి యెవడైన వచ్చి, తన దేశపు పిల్లలకు చూపుటకు ఆమె పటమును పట్టుకొనిపోయి యుండినచో మే మేమి చేసియుందుము? ఏడేండ్ల వారమైనను లేచి నడుమ నిలిచియుందుము.

ఇంతమాత్రమున, ఆచారములను విమర్శింపరాదని మా యభిప్రాయము కాదు. దేహమును హింసించుకొన్న దేవుడు సంతసించునను తలంపు తప్పనియే నేటికిని చెప్పుదుము, పిల్లలకును చెప్పుదుము. అయితే విమర్శ యనునది, బదులు చెప్పగలవారి యెదుట చేయవలసిన పని. తల్లితో వాదించినప్పుడు మూర్ఖముగానే వాదించియుండవచ్చును. కాని చేట ప్రక్కన పెట్టి నోరు మూయుమనుటకు ఆమెకు వీలుండెను. కొండమీది స్త్రీకి ఆ వీలు లేదు. ఆమె భాష మాకు రాదు. మాకు మిగిలిన కాలము పది నిమిషములు. పటములో ఆమె మోకాళ్లు వచ్చినవి, అట్టముక్క వచ్చినది; మాట మాత్రము రాలేదు. అభియోగము మోపబడినదని కూడ ఎఱుగనివారిపై, వేయి కోసుల దూరమున, పిల్లల యెదుట తీర్పు చెప్పుట యేమి న్యాయము?

అట్లయిన చూచుటయే మానవలెనని కొంద ఱందురు. పరమతస్థులకు ప్రవేశము లేదను పలకలు మన దేశమున పెక్కు ఆలయములవద్ద నున్నవి. అదియు మాకు సమ్మతము కాదు. మేము మధ్యాహ్నము చూడబోయిన ఉప్పుగనినే 1801 లో హంబోల్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వచ్చి చూచెను. అతడు మొక్కుటకు రాలేదు, తెలిసికొనుటకు వచ్చెను. తెలిసికొనుటకు వచ్చినవాడు అడుగును. అడిగినవాడు బదులునకై నిలుచును. మేము ఉదయమున అడుగను లేదు, నిలువను లేదు.

ఆ గని బొగోటాకు ఉత్తరముగా సుమారు యేబది కిలోమీటర్ల దూరమున, సిపాకిరా అను ఊరిలో నున్నది. స్పెయినువారు రాకపూర్వమే ముయిస్కా జాతివారు అచటి ఉప్పునీటిని మట్టికుండలలో కాచి, ఉప్పుదిమ్మలు చేసి, వానికి బదులు ప్రత్తిని, బంగారమును తెచ్చుకొనెడివారు. తరువాతి కాలమున కొండలోనికి సొరంగములు త్రవ్వి రాతియుప్పు తీయసాగిరి. పైకప్పు ఎప్పుడు విఱిగిపడునో తెలియని పని యది. కూలీలు పనిలోనికి పోవుటకు ముందు సొరంగములలో తమ దేవతల పటములయెదుట దీపము లుంచి ప్రార్థించెడివారు. దానిని చూచి, లూయిస్ ఆంహెల్ అరాంగో అను బ్యాంకు అధికారి, అచటనే గుడి తొలిపింప సంకల్పించెనందురు. 1950 లో పని మొదలై 1954 లో గుడి తెఱవబడెను. కట్టడము బలహీనపడుటచే 1992 లో దానిని మూసిరి. దానికి క్రిందుగా, భూమట్టమునకు సుమారు 180 మీటర్ల లోతున, క్రొత్తది తొలిచి 1995 లో తెఱచిరి. బిషప్పుగారి పీఠము ఊరిలోని వేఱొక గుడిలో నుండుటచే దీనిని కెథీడ్రలనుట శాస్త్రమునకు సరిపడదు. జనులు మాత్రము అట్లే అందురు.

లోపలికి వాలుగా పోవు సొరంగమున గంధకపు వాసన కొట్టుచుండెను. గోడను తాకిన వ్రేలిని నాలుకకు రాచికొన్నచో ఉప్పే. దారిపొడవున సిలువమార్గపు పదునాలుగు స్థలములు కలవు. ఒక్కదానియందును మనుష్యరూపము లేదు. సిలువయు, మోకరిల్లుటకు దిమ్మెలును, వెనుక చీకటియు మాత్రమే. కొనను, పెద్ద సాలలో, పదునాఱు మీటర్ల సిలువ దూరమునకు గాలిలో నిలిచినట్లు కనబడును. దగ్గఱకు పోయి చూడగా అది నిలిపిన వస్తువు కాదు, గోడలోనికి తొలిచిన బోలు. కాంతితో నింపిన శూన్యము. ఉదయమున సిలువ లెక్కలోనికి రాకుండ దేహమే ముఖ్యమైన దేవుని చూచితిమి. ఇచట దేహమే లేదు. గనికూలి యెఱిగిన విద్య తీసివేయుట; కూర్చుట కాదు. ఆ విద్యనే దేవునికి సమర్పించిరి. ఆ బోలుయెదుట మేము మొక్కలేదు గాని, మార్గదర్శి పిలుచువఱకు కదలను లేదు.

ఇక రంగురంగుల దీపముల మాట, సొరంగములోని పచ్చల దుకాణముల మాట చెప్పనక్కఱలేదు. మన క్షేత్రములవద్ద ఇత్తడి బొమ్మలు అమ్మినట్లే యది. ఒక స్థలమువద్ద దంపతు లిరువురు మోకరిల్లి యుండగా, చెవులకు యంత్రములు తగిలించుకొన్న జనము, ఏటినడుమ రాతికి ఇరుప్రక్కల నీరు చీలినట్లు, చీలిపోవుచుండెను. ఈసారి మేము దూరముననే నిలిచితిమి.

గనిలోనే కాఫీ యమ్ముచోట మార్గదర్శితో కూర్చుంటిమి. తన తాత ఈ గనిలో పనిచేసినవాడని అతడు చెప్పెను. తాత ప్రార్థించినచోటును ఇట్లు దినదినము పరులకు చూపుట మనస్సునకు కష్టముగా లేదా యని అడిగితిమి. “ఎందుకు కష్టము? మీవంటివారు రాకున్న ఈ దీపము లెవరు వెలిగింతురు, కప్పు నెవరు కాపాడుదురు?” అనెను. అట్లయిన ఉదయమున టోపీ యేల తీసితివంటిమి. అతడు కాఫీ త్రాగుట ముగించి, “ఉప్పును చూపుటకు నాకు జీతమిత్తురు. ఆమెను చూపుటకు కాదు” అనెను. మేము పటము తీయుటను అతడు చూచియుండెనని అప్పుడు తెలిసినది.

దేవాలయమునకు టిక్కెట్టు పెట్టుట తప్పా యన్న వాదము మనకు క్రొత్త కాదు. తిరుమలలో 300 రూపాయల వరుస వేఱు, ఉచితపు వరుస వేఱు; అచట ధనము భక్తునికిని భక్తునికిని నడుమ గోడ కట్టుచున్నది. సిపాకిరాలో మావంటివాడు ఇచ్చిన ధనము దేవుని చెంత ముందువరుసను కొనుట లేదు. చూపును మాత్రమే కొనుచున్నది. రెండింటిలో రెండవదే తక్కువ దోషమని మాకు తోచుచున్నది. కాని అందును ఒక యపాయము కలదు. ధర చెల్లించినవానికి, కనబడిన సమస్తమును తాను కొన్నదిగానే తోచును. కొండకును, గనికిని చెల్లించితిమి. ఆ స్త్రీకిని చెల్లించినట్లే మా చేయి ఫోనుమీదికి పోయినది.

బడులు తెఱచినపిదప ఆ పాఠము వచ్చినది. పటమును చూపలేదు. తుడిచివేయనును లేదు, తుడిచివేసినచో, చేసిన పనియు తుడుచుకొనిపోయినదని మనస్సు నమ్మునేమో యని శంక. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా తల్లికి చూపితిమి. డెబ్బదియేండ్లు దాటిన ఆమె కండ్లద్దములు పెట్టుకొని, ఫోనును వెలుతురువైపు త్రిప్పి, చాలసేపు చూచినది. పిల్లవాడు అట్టలు వేయుట మంచిపని యన్నది. పిమ్మట, “ఆవిడ ఎవరికోసం ఎక్కుతోంది, నాయనా?” అని యడిగినది.

మే మెఱుగమంటిమి.