ముంపు నీళ్ళ మీద విహారము



వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో మన సంఘాలలో ఒక మాట తప్పక వస్తుంది. ఈ ఏడు యవ్వనస్థులను ఎక్కడికి తీసుకొని వెళ్దాము? తమిళనాడులో ఉన్నవారు తేక్కడి పేరు చెప్తారు. మహారాష్ట్రవారు కోయనా అంటారు, ఒడిశావారు కోలాబ్ జలాశయము అంటారు. కర్ణాటకలో ఉన్న మనకు మలెనాడు అడవులున్నవి, జోగ్ జలపాతమున్నది, దానికి ఎగువన శరావతి నది మీద లింగనమక్కి జలాశయమున్నది. బస్సు మాట్లాడుకొని, పులిహోర డబ్బాలు కట్టుకొని, తెల్లవారుజామున బయలుదేరతారు.

ఈ ప్రయాణాలు వృథా ఖర్చని అనే పెద్దలు కొందరున్నారు. వారితో మేము ఏకీభవించము. ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య, అప్పుల లెక్కల మధ్య నలిగే మనిషి అడవిలో నీళ్ళ ఒడ్డున ఒక పూట కూర్చుంటే మెత్తబడతాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడే తండ్రి తెప్పలో పిల్లవాని చేయి పట్టుకొని కూర్చోవడము చిన్న మేలు కాదు. అయితే ఈ విహారము గూర్చి ఒక ప్రశ్న మమ్ములను విడువకుండా ఉన్నది. దానిని మీ ముందు పెట్టడము అవసరమని తోచినది.

ఆ నీళ్ళు అక్కడ పుట్టిన చెరువు కావు. ఒక నదికి అడ్డుకట్ట వేసి లోయను నింపితే నిలిచిన నీళ్ళు. ఆ లోయలో ఊళ్ళు, పోకతోటలు, వరిమళ్ళు, సమాధులు ఉండేవి. ఒకరి ఇల్లు మునిగిన చోట మనము సంతోషముగా తెప్ప వేసుకొని తిరగవచ్చునా? తిరిగితే ఎట్లా తిరగాలి?

శరావతి సంగతి కొంచెము వివరముగా చెప్తాము, ఎందుకంటే వివరము తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదు. తీర్థహళ్ళి తాలూకాలోని అంబుతీర్థమున పుట్టి, హొన్నావర దగ్గర అరేబియా సముద్రములో కలిసే చిన్న నది ఇది. మొత్తము పొడవు దాదాపు 128 కిలోమీటర్లే. చిన్నదైనా జోగ్ దగ్గర 830 అడుగుల ఎత్తు నుండి దూకుతుంది గనుక కరెంటు తీయడానికి దీని మీద అందరి కన్ను పడినది. మొదట 1940లలో హిరేభాస్కర అనే ఆనకట్ట కట్టారు. దాని వెనుక కొన్ని ఊళ్ళు మునిగినవి. తరువాత దిగువన ఇంకా పెద్దదైన లింగనమక్కి ఆనకట్ట 1964లో పూర్తి అయినది. అప్పుడు ఆ మొదటి ఆనకట్టే నీటి అడుగుకు పోయినది. ఊళ్ళను ముంచిన కట్టను ఇంకొక కట్ట ముంచినది! నీళ్ళు బాగా తగ్గిన వేసవులలో ఆ పాత కట్ట బయటపడుతుంది. చూడడానికి జనము బురదలో నడచి వెళ్తారు.

లింగనమక్కి నీళ్ళు దాదాపు 300 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నవి. వేల మంది లేచి పోవలసి వచ్చినది. సాగర, హొసనగర, శివమొగ్గ, భద్రావతి మొదలైన తాలూకాలలో అడవి కొట్టి వారికి చోటు చూపించారు. అట్లా స్థిరపడినవారిలో అనేకులకు ఆ అడవి భూమి హక్కు పత్రాల చిక్కు ఆ తాతల మనుమల కాలానికి కూడా తీరలేదు. శరావతి విద్యుత్ కేంద్రము శక్తి 1035 మెగావాట్లు. ఎన్నో ఏళ్ళు కర్ణాటక ఇళ్ళలో, మిల్లులలో వెలిగిన దీపాలలో చాలా భాగము ఈ నీళ్ళవే.

లేచిపోయినవారి సంగతి అట్లా ఉండగా, లేవకుండా మిగిలినవారి సంగతి వేరు. సాగర తాలూకాలో తుమరి ప్రాంతపు ఊళ్ళు నీటికి అవతల పడిపోయినవి. నీళ్ళు రాకముందు సాగరకు నేల మీద వెళ్ళివచ్చిన మనుష్యులు లాంచీ కొరకు ఎదురుచూసేవారయ్యారు. సిగందూరు వెళ్ళే యాత్రికులు, మనవంటి విహారయాత్రవారు ఆ లాంచీ ఎక్కి, బస్సుతో సహా నీళ్ళు దాటడము ఎంత బాగున్నదో అని ఫోటోలు తీసుకున్నారు. చీకటి పడిన తరువాత లాంచీ లేదు. రాత్రివేళ నొప్పులు మొదలైన స్త్రీకి, పాము కరచిన రైతుకు ఆ నీళ్ళు ఎట్లా కనబడి ఉంటాయో ఫోటోలో రాదు. 2.44 కిలోమీటర్ల వంతెన 2025 జూలై 14న తెరిచారు. ఆనకట్ట పూర్తి అయిన 61 ఏళ్ళకు!

ఒక చిన్న మాట. వేసవిలో జోగ్ చూడబోయినవారు "జలపాతములో నీళ్ళే లేవు, మోసపోయాము" అని గొణుగుతారు. అదే సాయంత్రము ఎగువన జలాశయము చూసి "ఎన్ని నీళ్ళో" అని మెచ్చుకుంటారు. రెండూ ఒకే నీళ్ళని ఎవరికీ తట్టదు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. ఈ మాట ఎత్తినప్పుడు ఒక సహోదరుడు, "ఆ ఊళ్ళను మేము ముంచామా? ప్రభుత్వము కట్టినది, మేము పుట్టకముందే కట్టినది. టిక్కెట్టు కొని తెప్ప ఎక్కినవానికి ఏమి దోషము?" అన్నారు. న్యాయమైన మాటే. దోషము లేదు. కాని నేరము వేరు, ఋణము వేరు. తండ్రి చేసిన అప్పులో కొడుకు నేరము ఏమీ లేదు. అయినా ఆ అప్పుతో కొన్న పొలములో అన్నము తింటున్నంత కాలము అప్పు తనది కాదనలేడు. ఆ కరెంటు కింద మన పిల్లలు చదువుకున్నారు.

మన తెలుగువారికి ఈ ఋణము మరికొంచెము దగ్గరది. తుంగభద్ర ఆనకట్ట 1953లో వచ్చిన తరువాత కాలువ నీళ్ళ కొరకు కోస్తా జిల్లాలలో ఉన్న నాలుగెకరాలు అమ్ముకొని గంగావతి, సింధనూరు వైపు వచ్చి స్థిరపడినవారు ఎందరో. వారి ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. ఆ ఆనకట్ట వెనుక కూడా ఊళ్ళు మునిగినవి. పాలమూరు కూలీలైతే దేశములో ఎన్ని ఆనకట్టలకు రాళ్ళు, మట్టి మోశారో లెక్క లేదు. మన వలసలో కొంత భాగము ఆనకట్టలు పిలిస్తే వచ్చినది. అవే ఆనకట్టలు ఇంకొకరిని తరిమినవి.

"మేమూ ఊరు విడిచి వచ్చినవారమే గదా" అని కొందరు అంటారు. ఆ పోలిక కొంత దూరమే నిలుస్తుంది. మన పెద్దలు కడుపు కొరకు ఊరు విడిచారు. కష్టము నిజమే. కాని పెండ్లికో చావుకో తిరిగి వెళ్ళడానికి ఊరున్నది. బస్సు దిగితే "ఫలానావారి మనుమడివా అబ్బాయీ?" అని అడిగే అవ్వ ఉన్నది. ముంపువారికి ఊరి పేరు మిగిలినది గాని ఊరు లేదు. తాత సమాధికి పూలు పెట్టాలంటే నీళ్ళలో వేయాలి.

సాగరలో పుట్టి, శరావతి పనుల కాలములో ప్రభుత్వ ఉద్యోగిగా ఉండి ఈ ముంపును కళ్ళారా చూసిన కన్నడ రచయిత ఒకరున్నారు, నా. డిసోజా గారు. 2025 జనవరిలో మరణించారు. ఆయన వ్రాసిన 'ద్వీప' అనే నవలను గిరీష్ కాసరవళ్ళి గారు 2002లో చలనచిత్రముగా తీశారు. నీళ్ళు చుట్టూ పెరుగుతూ ఉంటే గుట్ట మీది ఇల్లు విడువలేని ఒక కుటుంబపు కథ. మన తెలుగు ఇళ్ళలో అందరూ ఎరిగిన నటి సౌందర్య గారు దానిలో నటించడమే గాక తానే నిర్మాతగా ఉన్నారు. ఆ చిత్రానికి జాతీయ ఉత్తమ చిత్రము బహుమానము వచ్చినది. ఆమె తెలుగు చిత్రాలన్నీ మనవారు చూశారు గాని దీనిని చూసినవారు తక్కువ. విహారయాత్రకు ముందు వారము యవ్వనస్థులకు ఈ చిత్రము చూపిస్తే మేము ఇక్కడ వ్రాసిన దాని కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇది కన్నడ దేశపు లోపమని ఎవరూ అనుకోవద్దు. నల్లమల అడవి అంచున మన నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఏమి జరిగినది? లోయ మునుగుతుందని తెలిసి 1954 నుండి ఆరేళ్ళు తవ్వకాలు జరిపారు. ప్రాచీన కట్టడాల రాళ్ళను జాగ్రత్తగా పైకి చేర్చి, కొండ మీద మళ్ళీ పేర్చి, మ్యూజియము కట్టారు. మంచి పనే చేశారు. ఇప్పుడు లాంచీలో వెళ్ళి చూసి వస్తాము. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఇటుకలకు అంత శ్రద్ధ దొరికినది. అదే లోయలో అప్పటికి కాపురమున్న మనుష్యుల ఊళ్ళ పేర్లు చెప్పమంటే ఆ లాంచీలో ఎంతమంది చెప్పగలరు?

అట్లాగని మానుకోవాలా? మానుకుంటే మునిగినవారికి ఏమి ఒరిగినది? నీళ్ళ ఒడ్డున ఇప్పుడు బ్రతుకుతున్నవారిలో తెప్ప నడిపేవారు, చేపలు పట్టేవారు, ఇంటి భోజనము పెట్టేవారు ఉన్నారు. మనము వెళ్ళకపోతే వారి సంపాదన పోతుంది. ఏడుపు మొగముతో వెళ్ళమని కూడా మేము అనము. పిల్లల సంతోషము చెడగొట్టడము ఎవరి ఋణమూ తీర్చదు. మేము అడిగేది చిన్నది. అతిథి ఇంటికి వెళ్ళినట్లు వెళ్ళాలి. అతిథి ఇంట్లోకి వెళ్ళి పాటల పెట్టె అరిపించడు, సీసాలు పగులగొట్టడు, తిన్న కవర్లు నట్టింట పారవేయడు. హొన్నెమరడు ఒడ్డున గాని, ముప్పానె అడవిలో గాని మన బస్సు వెళ్ళిన తరువాత నేల చూసి ఎవరు వచ్చారో చెప్పగలిగేటట్లు ఉండకూడదు. డబ్బాలు నిండుగా కట్టుకొని వెళ్ళి అక్కడ ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా రావడము పొదుపు అని మనవారు గొప్పగా చెప్పుకుంటారు. ఒక్క పూటైనా అక్కడివారి చేతి అన్నము కొని తినండి.

జాగ్రత్త గూర్చి కూడా చెప్పక తప్పదు. తేక్కడిలో పెరియార్ జలాశయము 1895 నాటిది. మునిగిన చెట్ల మోడులు ఇప్పటికీ నీళ్ళలో నల్లగా నిలబడి ఉంటవి. అక్కడ 2009 సెప్టెంబరు 30న పడవ తిరగబడి 45 మంది చనిపోయారు. ముంపు నీళ్ళ కింద మెట్టలు, మోడులు, గోడలు ఉంటవి. ఒడ్డు చెరువు గట్టు వలె మెల్లగా దిగదు. లైఫ్ జాకెట్టు కట్టుకోమని తెప్పవాడు చెప్తే ఎండ అని, ఫోటో అని తీసివేయడము అతనిని అవమానించడమే. ప్రమాదము జరిగితే మనము ఊరికి పోతాము, కేసు అతని మీద పడుతుంది.

ఇక తెలుసుకోవడము సంగతి. బస్సు మాట్లాడే సహోదరులు ఈసారి ఒక గంట ఎక్కువ ఉంచుకోవాలని మా మనవి. పాటలు, ఆటలు ముగిసిన తరువాత ఒడ్డున ఉన్న పెద్దవారెవరినైనా కూర్చోబెట్టి, ఈ నీళ్ళ కింద ఏ ఊరున్నది, మీవారు ఎక్కడి నుండి లేచి వచ్చారు అని అడగండి. కొందరు చెప్పరు, అడిగి అడిగి విసిగినవారుంటారు, వారిని వదిలివేయండి. చెప్పేవారు మాత్రము ఇంటింటి పేరూ చెప్తారు. మన భాష రాకపోతే ఎట్లా అని పెద్దలు సందేహించవద్దు. ఇక్కడే పుట్టిన మన పిల్లలకు కన్నడము మన కంటే బాగా వచ్చును. వారినే అడగనివ్వండి, విని మనకు తెలుగులో చెప్తారు.